తీవ్ర కొవిడ్‌లో, డెంగీలో యాంటీబాడీల చక్కెరలు ఎలా మారతాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

యాంటీబాడీకి చక్కెర ఉండటమేమిటి? షుగరు వ్యాధికీ దీనికీ సంబంధం ఉందా?

లేదు. ఇది టీలో కలుపుకునే చక్కెర కాదు, గ్లూకోమీటర్లో కనిపించేదీ కాదు. షుగరు ఉన్నవాళ్లు చేయించుకునే హెచ్‌బీఏ1సీ పరీక్షలో కొలిచేది రక్తంలోని గ్లూకోజ్ తనంతట తానే హిమోగ్లోబిన్‌కు అంటుకున్న భాగాన్ని. అది ఎంజైము లేకుండా జరిగే పని. యాంటీబాడీ చక్కెర సంగతి వేరు. యాంటీబాడీని తయారుచేసే ప్లాస్మా కణం తన లోపల, ఒక్కో ఎంజైముతో ఒక్కో చక్కెరను వరసగా అతికించి గొలుసు కడుతుంది. మీరు ఎంత మిఠాయి తిన్నారన్నదాన్ని బట్టి ఆ గొలుసు ఆకారం మారదు.

రక్తంలో ఎక్కువగా ఉండే యాంటీబాడీ ఐజీజీ. దాని బరువు దాదాపు 1,50,000 డాల్టన్లు (అణువుల బరువుకు వాడే కొలమానం), అందులో చక్కెర వాటా 2-3 శాతమే. ఇంత చిన్న భాగం గురించి ఇంత చర్చ ఎందుకంటే, యాంటీబాడీ వైరస్‌ను పట్టుకున్నాక తర్వాత జరగాల్సినదాన్ని తేల్చేది చాలావరకు ఆ చిన్న భాగమే.

ఆ గొలుసు ఎక్కడ ఉంటుంది? దానిలో ఏమేం ఉంటాయి?

ఐజీజీ ఇంగ్లిషు వై అక్షరంలా ఉంటుంది. పై రెండు కొమ్మలు వైరస్‌ను పట్టుకుంటాయి. కింది కాడను ఎఫ్‌సీ భాగమంటారు. మన రోగనిరోధక కణాలు పట్టుకునేది ఈ కాడనే. కాడలో రెండు ప్రొటీన్ గొలుసులు పక్కపక్కనే ఉంటాయి. ఒక్కోదానిలో 297వ స్థానంలో ఉన్న ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లానికి ఒక్కో చక్కెర గొలుసు వేలాడుతుంది.

ఆ చక్కెర గొలుసుకు స్థిరంగా ఉండే మూలం ఏడు చక్కెరలది: నాలుగు ఎన్-ఎసిటైల్ గ్లూకోజమీన్లు, మూడు మానోజ్‌లు. దీని మీద వచ్చే మార్పులు నాలుగు. గొలుసు మొదలుకు ఫ్యూకోజ్ అనే చక్కెర చేరవచ్చు, చేరకపోవచ్చు. చేర్చే ఎంజైము ఎఫ్‌యూటీ8. రెండు కొమ్మల చివర్లకు గెలాక్టోజ్ సున్నా, ఒకటి లేదా రెండు రావచ్చు. ఆ గెలాక్టోజ్ మీద సియాలిక్ ఆమ్లం రావచ్చు. మధ్య మానోజ్ మీద ఇంకో ఎన్-ఎసిటైల్ గ్లూకోజమీన్ అడ్డంగా కూర్చోవచ్చు. ఈ కలయికలన్నీ లెక్కేస్తే ముప్పైకి పైగా రూపాలు తేలతాయి. గెలాక్టోజ్ లేనిదాన్ని జీ0, ఒకటి ఉంటే జీ1, రెండుంటే జీ2 అంటారు. ఫ్యూకోజ్ ఉంటే చివర ఎఫ్ తగిలిస్తారు. ప్రయోగశాలలో వినిపించే జీ0ఎఫ్, జీ1ఎఫ్, జీ2ఎఫ్ ఇవే.

ఫ్యూకోజ్ ఒక్కటి లేకపోతే ఏమవుతుంది?

మొత్తం కథలో బరువైన ప్రశ్న ఇదే. సహజ హంతక కణాలమీద, రోగకారకాలను మింగే కణాలైన కొన్ని మోనోసైట్లమీద, మాక్రోఫేజ్‌లమీద సీడీ16ఏ అనే గ్రాహకం ఉంటుంది. యాంటీబాడీ కాడను పట్టుకుని, ‘దీనికి అంటుకున్నదాన్ని చంపు, మింగు, అలారం మోగించు’ అని కణానికి చెప్పేది అదే. ఆ గ్రాహకానికి కూడా 162వ స్థానంలో తన సొంత చక్కెర గొలుసుంది. యాంటీబాడీ మీద ఫ్యూకోజ్ ఉంటే రెండు గొలుసులూ దగ్గరకు రాలేవు, ఫ్యూకోజ్ అడ్డుపడుతుంది. అది లేకపోతే రెండూ ఒకదానికొకటి అతుక్కుంటాయి, పట్టు పదుల రెట్లు పెరుగుతుంది.

క్యాన్సర్ మందుల తయారీదారులు దీన్ని ముందే పట్టుకున్నారు. మోగాములిజుమాబ్, ఒబినుటుజుమాబ్ అనే యాంటీబాడీ మందుల్లో ఫ్యూకోజ్‌ను కావాలనే తగ్గించారు, క్యాన్సర్ కణాన్ని చంపే బలం పెరగాలని. వైరస్ జబ్బులో అదే బలం అదుపు తప్పితే దెబ్బ తినేది రోగి కణజాలం.

ఆరోగ్యవంతుల్లో మొత్తం ఐజీజీలో 90 శాతానికి పైగా ఫ్యూకోజ్‌తోనే ఉంటుంది. అంటే ఫ్యూకోజ్ లేని రూపం మామూలుగా చిన్న వాటా. దానిలో కొద్దిపాటి పెరుగుదల కూడా గ్రాహకానికి పెద్ద తేడాగా తెలుస్తుంది.

తీవ్ర కొవిడ్‌లో కనిపించినదేమిటి?

2021లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని సాంక్విన్ సంస్థ పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో చూపించినది ఇది: ఐసీయూలో చేరినవాళ్లలో కొవిడ్ వైరస్ ముల్లు ప్రొటీన్, అంటే స్పైక్ మీద పుట్టిన ఐజీజీలో ఫ్యూకోజ్ లేని వాటా, తేలికగా బయటపడ్డవాళ్లతో పోలిస్తే ఎక్కువ. అదే మనిషిలో వైరస్ లోపలుండే న్యూక్లియోక్యాప్సిడ్ ప్రొటీన్ మీద పుట్టిన ఐజీజీలో ఈ మార్పు కనిపించలేదు. అంటే శరీరం మొత్తంగా ఫ్యూకోజ్ తగ్గించలేదు. ఒక లక్ష్యం మీద పుట్టిన యాంటీబాడీల్లోనే తగ్గించింది. ఈ ఒక్క పోలికే ఆ పరిశోధనకు ప్రాణమని చెప్పాలి.

ఈ మార్పు ఎక్కువకాలం నిలవదు. యాంటీబాడీలు మొదట కనిపించే రోజుల్లో ఫ్యూకోజ్ తక్కువగా ఉండి, వారాలు గడిచేకొద్దీ మామూలు స్థాయి వైపు వెళుతుంది. కొవిడ్ రోగులు చాలామంది లక్షణాలు మొదలైన రెండో వారంలో, వైరస్ తగ్గుముఖం పడుతున్న సమయంలో, ఉన్నట్టుండి దిగజారేవారు. యాంటీబాడీలు రక్తంలోకి వచ్చే కాలం కూడా సరిగ్గా అదే.

గెలాక్టోజ్, సియాలిక్ ఆమ్లాల సంగతి ఇంత తేటగా లేదు. తొలిరోజుల్లో స్పైక్ ఐజీజీలో గెలాక్టోజ్ ఆ మనిషి మొత్తం ఐజీజీకంటే ఎక్కువగా ఉండి, తర్వాత తగ్గుతుంది. తీవ్ర రోగులను తేలికపాటి రోగులతో పోల్చిన స్టాన్‌ఫర్డ్ పరిశోధనలో సియాలిక్ ఆమ్లం తక్కువని తేలింది. రెండూ నిజమే, కానీ పోలిక దేనితో పెట్టారో చూడకుండా ‘గెలాక్టోజ్ పెరిగింది’ అన్నవాళ్లూ ‘తగ్గింది’ అన్నవాళ్లూ వాదించుకుంటే తేలేదేమీ ఉండదు.

యాంటీబాడీలే ఊపిరితిత్తులకు హాని చేస్తాయా?

చేయగలవని ప్రయోగాలు చెబుతున్నాయి. తీవ్ర రోగుల ఐజీజీ స్పైక్‌కు అంటుకుని కట్టిన ముద్దలను మాక్రోఫేజ్‌లకు ఇచ్చి, పక్కన వైరస్ ఉందన్న సంకేతం కూడా అందిస్తే ఐఎల్-6, టీఎన్ఎఫ్ వంటి మంట (ఇన్‌ఫ్లమేషన్) రేపే పదార్థాలు బాగా పెరుగుతాయి. దీనికి రెండు షరతులు: యాంటీబాడీ పరిమాణం ఎక్కువగా ఉండాలి, ఫ్యూకోజ్ తక్కువగా ఉండాలి. ఆ రెండూ కలిసినప్పుడే మంట పెద్దదవుతుంది. మనిషి గ్రాహకాలు పెట్టిన ఎలుకల ఊపిరితిత్తుల్లోకి ఇలాంటి ముద్దలను పంపినప్పుడు కూడా ఫ్యూకోజ్ లేనివి ఎక్కువ మంట రేపాయి.

ఇది కారణమా, జబ్బు ముదిరినందువల్ల వచ్చిన ఫలితమా?

న్యాయమైన అనుమానం. ఐసీయూలో తీసిన ఒక్క నమూనాతో ఇది తేలదు. అందుకే 2022లో వచ్చిన స్టాన్‌ఫర్డ్ పరిశోధన ముఖ్యం. ఇంకా ఆస్పత్రిలో చేరని రోగుల నుంచి తొలిరోజుల్లోనే తీసిన నమూనాలు చూశారు. తర్వాత ముదిరినవాళ్లలో, ముదరకముందే, ఫ్యూకోజ్ లేని వాటా ఎక్కువగానూ వైరస్‌ను అడ్డుకునే శక్తి తక్కువగానూ ఉంది. ముందు వచ్చింది కాబట్టి ఫలితమని కొట్టిపారేయలేం. అయినా ఇది ఒక్కటే కారణమని అనడం అతి. వయసు, ఊబకాయం, వైరస్‌ను తొలిగా అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్‌ల లోపాలు ఇవన్నీ పక్కనే ఉన్నాయి.

డెంగీలో కూడా ఇదే జరుగుతుందా?

నిజానికి డెంగీలోనే ముందు తెలిసింది. హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ వానాకాలం వచ్చిందంటే ఇళ్లల్లో వినిపించే మాట ‘ప్లేట్‌లెట్లు ఎంతకు పడ్డాయి?’ అన్నదే. ఆ పడిపోవడానికీ ఈ చక్కెరకూ లింకు ఉందని 2017లో రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయ బృందం ‘సైన్స్’ పత్రికలో రాసింది. రెండోసారి డెంగీ వచ్చి తీవ్రమైనవాళ్లలో ఫ్యూకోజ్ లేని ఐజీజీ1 (ఐజీజీ నాలుగు ఉపరకాల్లో ఒకటి) ఎక్కువ. ఆ యాంటీబాడీల్లో కొన్ని ప్లేట్‌లెట్లనూ గుర్తుపడతాయి. ఫ్యూకోజ్ లేకపోతే మాక్రోఫేజ్‌లు వాటిని వేగంగా మింగేస్తాయి.

డెంగీకి నాలుగు రకాల వైరస్‌లున్నాయి. మొదటిసారి వచ్చిన రకం మీద పుట్టిన యాంటీబాడీలు రెండో రకాన్ని అంటుకుంటాయి గానీ పూర్తిగా అడ్డుకోలేవు. పైగా వైరస్‌ను గ్రాహకం ద్వారా కణంలోకే చేర్చేస్తాయి. ఆ దారి తెరిచేది ఎఫ్‌సీ భాగం కాబట్టి దాని చక్కెరకు ఇక్కడ ప్రాధాన్యం ఉంటుంది. 2021లో కంబోడియా రోగుల మీద చేసిన పరిశోధనలో, రెండోసారి డెంగీ వచ్చినవాళ్లలో ఫ్యూకోజ్ లేని వాటాను బట్టి తీవ్రతను అంచనా వేయగలమని తేలింది.

పసిపిల్లల సంగతి మరీ ఆలోచించాల్సింది. తల్లి ఐజీజీ మాయ ద్వారా బిడ్డకు చేరుతుంది. అది నెలలు గడిచేకొద్దీ తరుగుతూ, ఒక దశలో వైరస్‌ను ఆపలేనంత తక్కువగా, కణంలోకి చేర్చడానికి మాత్రం చాలినంతగా మిగులుతుంది. ఏడాది లోపు పిల్లల్లో తీవ్ర డెంగీ రావడానికి ఇచ్చే వివరణల్లో ఇది ఒకటి. ఆ తల్లి యాంటీబాడీల్లో ఫ్యూకోజ్ ఎంతుందన్నది కూడా బిడ్డ జబ్బుపడే అవకాశంతో ముడిపడి ఉందని 2020లో తేలింది.

అన్ని వైరస్‌లకూ ఇలాగే ఉంటుందా?

ఉండదు. కొవ్వుపొర ఉన్న వైరస్‌లలో, అంటే కొవిడ్, డెంగీ, సైటోమెగలోవైరస్, హెచ్‌ఐవీ వంటివాటిలో కనిపిస్తుంది. ఆ పొర లేని పార్వోవైరస్ బీ19లో కనిపించలేదు. వైరస్ ప్రొటీన్ మన కణం పొరలో గుచ్చుకుని యాంటీబాడీలు చేసే కణాలకు మూలమైన బీ కణానికి కనిపించడమే ఫ్యూకోజ్ తగ్గడానికి సంకేతమని ప్రస్తుత ఊహ. హెపటైటిస్ బీ దీన్ని బలపరుస్తుంది: సహజంగా సోకినవాళ్లలో ఫ్యూకోజ్ తక్కువ, శుద్ధిచేసిన ప్రొటీన్ టీకా వేయించుకున్నవాళ్లలో మామూలే. గర్భిణి మాయలో దాగే మలేరియా పరాన్నజీవి ప్రొటీన్ల మీద కూడా ఇదే తీరు కనిపించింది. అది వైరస్ కాదు, కానీ దాని ప్రొటీన్ ఎర్రరక్తకణం పొర మీదే ఉంటుంది.

అక్కడ ఈ మార్పు మేలుకే ఉపయోగపడవచ్చు. హెచ్‌ఐవీని మందులు లేకుండా అదుపులో పెట్టుకోగలిగిన కొద్దిమందిలోనూ ఇలాంటి యాంటీబాడీలు కనిపించాయి. ఫ్యూకోజ్ లేకపోవడాన్ని చెడ్డదనేస్తే పొరపాటు.

కొవిడ్ టీకా వేయించుకుంటే ఇలాంటి యాంటీబాడీలు పుడతాయా?

ఎంఆర్‌ఎన్‌ఏ టీకా మన కణాలతోనే స్పైక్‌ను పొరమీద తయారు చేయిస్తుంది కాబట్టి, మునుపు కొవిడ్ రానివాళ్లలో మొదటి డోసు తర్వాత కొద్దికాలం ఫ్యూకోజ్ లేని ఐజీజీ కనిపిస్తుంది, తర్వాత తగ్గిపోతుంది. దాని పరిమాణం అప్పుడు చాలా తక్కువ, పక్కన వైరస్ కూడా లేదు. పైన చెప్పిన షరతులు రెండూ కలవవు. భయపడాల్సింది కాదు.

ఆస్పత్రిలో ఈ పరీక్ష చేయించుకోవచ్చా?

చేయించలేరు. ఇది పరిశోధనశాలల్లో జరిగే కొలత, మామూలు ల్యాబుల్లో దొరకదు. తీవ్రత అంచనాకు డాక్టర్లు చూసేవి ఆక్సిజన్ స్థాయి, సీఆర్‌పీ, ఫెరిటిన్, డి-డైమర్ వంటి రక్తపరీక్షలే. డెంగీలో రక్తం చిక్కదనం చూపే హెమటోక్రిట్, ప్లేట్‌లెట్లు, హెచ్చరిక లక్షణాలు. ‘మీ జీవవయసు చెబుతాం’ అంటూ ఆన్‌లైన్‌లో అమ్మే గ్లైకాన్ (చక్కెర గొలుసు) పరీక్షలు మొత్తం ఐజీజీని కొలుస్తాయి. వయసు పెరిగేకొద్దీ గెలాక్టోజ్ తగ్గుతుందన్నది నిజమే, కానీ ఒక వైరస్ మీద పుట్టిన యాంటీబాడీ గురించి ఆ అంకె ఏమీ చెప్పదు.

పరిశోధనశాలలో ఎలా కొలుస్తారు?

మొదట ఆ వైరస్ మీది ఐజీజీని విడదీయాలి. 96 గుంతల పళ్లెంలో స్పైక్ ప్రొటీన్‌ను మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాముల చొప్పున వేసి, 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతారు. ప్లాస్మాను పది రెట్లు పలుచన చేసి, గంటసేపు గది ఉష్ణోగ్రతలో కదుపుతూ ఉంచుతారు. డిటర్జెంటు కలిపిన బఫరుతో మూడుసార్లు, ఆ తర్వాత 50 మిల్లీమోలార్ అమ్మోనియం బైకార్బొనేట్‌తో మూడుసార్లు కడుగుతారు. ఆఖరి కడుగుళ్లలో డిటర్జెంటు పోకపోతే అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమీటరులో సంకేతమంతా దాని కిందే మునిగిపోతుంది. ఆ తర్వాత 100 మిల్లీమోలార్ ఫార్మిక్ ఆమ్లంతో ఐదు నిమిషాల్లో ఐజీజీని ఊడదీసి, ఆరబెట్టి, ప్రొటీన్‌ను కోసే ట్రిప్సిన్ ఎంజైముతో 37 డిగ్రీల దగ్గర రాత్రంతా కోయిస్తారు. అదే ప్లాస్మాలోని మొత్తం ఐజీజీని ప్రొటీన్ జీతో వేరేగా పట్టుకుని పక్కన పోలికకు పెడతారు.

ట్రిప్సిన్ కోశాక 297వ ఆస్పరజిన్ ఉన్న తొమ్మిది అమైనో ఆమ్లాల తునక చక్కెరతో సహా మిగులుతుంది. ఐజీజీ1లో ఈ తునకలో రెండు టైరోసిన్లు, ఐజీజీ4లో ఒకటి, ఐజీజీ2లో ఒక్కటీ లేదు. టైరోసిన్ లేనిచోట ఫినైల్ అలనిన్ ఉంటుంది. ఐజీజీ1 జీ0ఎఫ్ మూడు విద్యుదావేశాలతో, బరువును ఆవేశాల సంఖ్యతో భాగించిన కొలతలో 878.7 దగ్గర, ఫ్యూకోజ్ లేని జీ0 830.0 దగ్గర కనిపిస్తాయి. ఫ్యూకోజ్ బరువు 146.06, మూడుతో భాగిస్తే తేడా 48.7. యంత్రం గీసే గ్రాఫులో ఫ్యూకోజ్ ఉన్న శిఖరాల మొత్తాన్ని అన్ని శిఖరాల మొత్తంతో భాగిస్తే శాతం వస్తుంది.

చక్కెరను పూర్తిగా కోసి విడిగా కొలిస్తే తేలిక కదా?

తేలికే, కానీ మోసం చేస్తుంది. పీఎన్‌గేస్ ఎఫ్ ఎంజైముతో అన్నీ కోసేస్తే ఏది ఏ ఉపరకానిదో తెలియదు. పైగా 15-25 శాతం ఐజీజీలకు పై కొమ్మల్లో కూడా చక్కెర ఉంటుంది, దానిలో సియాలిక్ ఆమ్లం ఎక్కువ. ఎఫ్‌సీలో సియాలిక్ ఆమ్లం పెరిగిందనుకున్నది కొమ్మల సంగతి కావచ్చు. ఎఫ్‌సీ గురించే అడుగుతున్నప్పుడు చక్కెర అంటుకుని ఉన్న తునకనే కొలవాలి.

కొలతలో తప్పులు ఎక్కడ వస్తాయి?

అన్నిటికన్నా సాధారణమైనది సంకేతం బలహీనంగా ఉండటం. యాంటీబాడీ తక్కువగా ఉన్న నమూనాలో ముందు మాయమయ్యేవి చిన్న శిఖరాలు, అంటే ఫ్యూకోజ్ లేనివే. అప్పుడు ‘నూరు శాతం ఫ్యూకోజ్’ అని వస్తుంది. అది జీవశాస్త్రం కాదు, యంత్రం చేతకానితనం. కనీస సంకేతం దాటని నమూనాలను పక్కన పెట్టాలి, ఆ గీటురాయిని ముందే నిర్ణయించుకోవాలి.

రెండోది దీనికి ఎదురు: పళ్లానికి ఊరికే అతుక్కున్న మామూలు ఐజీజీ కలిసిపోతే ఫలితం మొత్తం ఐజీజీ వైపు లాగబడుతుంది, ఉన్న తేడా చెరిగిపోతుంది. స్పైక్ వేయని ఖాళీ గుంతల్లో, జబ్బు రానివాళ్ల ప్లాస్మాతో ఎంత వస్తుందో ప్రతిసారీ చూడాలి.

మూడోది లెక్కల చిక్కు. టైరోసిన్‌కూ ఫినైల్ అలనిన్‌కూ తేడా ఒక ఆక్సిజన్, 15.995. గెలాక్టోజ్‌కూ ఫ్యూకోజ్‌కూ తేడా కూడా అదే 15.995. కాబట్టి ఫ్యూకోజ్ లేని ఐజీజీ4 జీ1, ఫ్యూకోజ్ ఉన్న ఐజీజీ1 జీ0ఎఫ్ ఒకే బరువు. ఎంత ఖరీదైన యంత్రమైనా బరువుతో వీటిని విడదీయలేదు; క్రొమటోగ్రఫీ కాలమ్‌లో వేర్వేరు సమయాల్లో బయటికి వస్తేనే విడతాయి. ఐజీజీ2, ఐజీజీ4ల మధ్యా ఇదే తంటా. ఐజీజీ1 ఫలితాలనే ఎక్కువగా నమ్మడానికి కారణం ఇదే. ఐజీజీ3 తునక మనిషి జన్యువులను బట్టి ఐజీజీ2తోనో ఐజీజీ4తోనో కలిసిపోతుంది, దాన్ని విడిగా చెప్పకపోవడమే మంచిది.

ఇంకొకటి: రెండు ఫ్యూకోజ్‌లు 292.12, ఒక సియాలిక్ ఆమ్లం 291.10. ఒక డాల్టన్ తేడా అంటే ఐసోటోపు శిఖరంతో పొరబడేంత దగ్గర. సాఫ్ట్‌వేర్ రెండు ఫ్యూకోజ్‌లని రాస్తే నమ్మకండి, ఎఫ్‌సీలో అది జరగదు.

రోగికి ఏ చికిత్స ఇచ్చారో తెలియకుండా నమూనా కొలిస్తే?

కొలవకపోవడమే మేలు. కిలోకు 2 గ్రాముల చొప్పున ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసి సిర ద్వారా ఎక్కించే ఐజీజీ) ఇచ్చి ఉంటే రక్తంలో ఉన్నది చాలావరకు దాతలది. ఐజీజీ సగం తరగడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది కాబట్టి వారాలపాటు ఆ ప్రభావం ఉంటుంది. కోలుకున్నవారి ప్లాస్మా ఎక్కించినా అంతే. స్పైక్ మీది మోనోక్లోనల్ యాంటీబాడీ ఇచ్చి ఉంటే మరీ ఘోరం: పళ్లెం పట్టుకునేది కంపెనీలో హ్యామ్‌స్టర్ కణాల్లో తయారైన చక్కెరను. నమూనా చీటీ మీద లక్షణాలు మొదలైన తేదీ, నమూనా తీసిన తేదీ, ఈ మూడు మందుల వివరం తప్పనిసరిగా ఉండాలి.

ఈ చక్కెరను మార్చే మందు ఉందా?

రోగులకు ఇచ్చే మందేదీ లేదు. ఫ్యూకోజ్ పొడులు, పండ్ల రసాలు దీన్ని మారుస్తాయని ఎవరైనా అమ్మితే డబ్బు దండగ. కింది సంకేతాన్ని ఆపాలన్న ఆలోచన మాత్రం వచ్చింది: గ్రాహకం నుంచి లోపలికి వార్త మోసే సిక్ ఎంజైమును అడ్డుకునే ఫోస్టమాటినిబ్, ప్లేట్‌లెట్లు తగ్గే ఐటీపీ జబ్బుకు 2018లో అమెరికాలో ఆమోదం పొందింది. ప్రయోగశాలలో మాక్రోఫేజ్‌ల మంటను బాగా తగ్గించింది. కొవిడ్ రోగుల పెద్ద ప్రయోగాల్లో మాత్రం ఆ ఆశ నెరవేరలేదు.

కొవిడ్‌లో నిలబడింది డెక్సామెథసోన్, రోజుకు 6 మిల్లీగ్రాములు, పది రోజుల వరకు. అదీ ఆక్సిజన్ అవసరమైనవాళ్లకే. అవసరం లేనివాళ్లలో మేలు కనిపించలేదు. చక్కెరతో దానికి పని లేదు, మంటను మొత్తంగా అణుస్తుంది. డెంగీలో స్టెరాయిడ్లు వాడమని సిఫార్సు లేదు. అక్కడ ద్రవాలను సరైన లెక్కలో ఇవ్వడమే చికిత్స. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకోకూడదు. జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే ప్లేట్‌లెట్ల రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.